ఒంటి కదలికతో వీడియో గేములు: ధరించే సెన్సర్లు

బటన్లు, జాయ్‌స్టిక్ అవసరం లేకుండా, ఆడేవారి చేతులు, కాళ్లు, నడుము, తల కదలికలతోనే వీడియో గేమును నడిపే పద్ధతిని చలన నియంత్రణ అంటారు. ఆ కదలికను పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. గదిలో ఒకచోట కెమెరా పెట్టి ఆడేవారిని చూడటం ఒకటి, ఆడేవారి ఒంటికే సెన్సర్లు కట్టడం మరొకటి. మైక్రోసాఫ్ట్ 2010లో తెచ్చిన కైనెక్ట్‌ది మొదటి దారి. ఈ వ్యాసం రెండో దారి గురించి. చేతి తొడుగు, మణికట్టు పట్టీ, తొడకు చుట్టుకునే బెల్టు, తలకు పెట్టుకునే హెడ్‌సెట్, నడుముకూ పాదాలకూ కట్టుకునే ట్రాకర్లు ఈ కోవలోకి వస్తాయి. నింటెండో వీ రిమోట్ లాంటివి చేత్తో పట్టుకునేవే తప్ప ధరించేవి కావని ఎవరైనా వాదించవచ్చు. కానీ వాటి లోపలి చిప్పులు ఇవే, అవి చేసే లెక్కలూ ఇవే. అందుకని వాటినీ కలుపుకుని చెప్పుకోవాలి.

ఒంటి మీది సెన్సర్‌కు చీకటితో పనిలేదు. వీపు వెనక దాచిన చేతిని కెమెరా చూడలేదు, చేతికే కట్టిన సెన్సర్‌కు ఆ ఇబ్బంది లేదు. అయితే దానికో పుట్టు లోపం ఉంది. తాను ఎటు తిరిగిందో బాగా చెబుతుంది, ఎక్కడ ఉందో మాత్రం చెప్పలేదు. ఈ రంగంలో నిలబడ్డ సాధనాల్లో ఎక్కువ భాగం ఆ లోపాన్ని ఒప్పుకుని ఆటను అందుకు తగ్గట్టు మలచుకున్నవి. పడిపోయినవాటిలో ఎక్కువ భాగం ఆ లోపం లేనట్టు ప్రచారం చేసుకున్నవి.

సెన్సర్ ఏం కొలుస్తుంది

ఈ సాధనాలన్నింటిలో ముఖ్యమైనది యాక్సెలెరోమీటర్, అంటే త్వరణాన్ని కొలిచే చిప్పు. సిలికాన్ మీద చెక్కిన అతి సన్నని స్ప్రింగులకు ఒక సూక్ష్మమైన బరువు వేలాడుతుంటుంది. చిప్పు కదిలితే ఆ బరువు కాస్త వెనకబడుతుంది, దాని పక్కనున్న పలకల మధ్య విద్యుత్ ధారణ మారుతుంది. ఆ మార్పే కొలత. 1990లలో కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం ఈ చిప్పులు పెద్ద ఎత్తున తయారయ్యాయి. తర్వాత సెల్‌ఫోన్ల పుణ్యాన ధర బాగా దిగింది. గేముల పరిశ్రమ ఒంటరిగా ఇంత చవకైన సెన్సర్‌ను పుట్టించి ఉండేది కాదు.

కొత్తగా వాడేవారిని ఈ చిప్పు ఒక విషయంలో తికమక పెడుతుంది. బల్ల మీద కదలకుండా పెట్టినా సున్నా చూపదు, సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల త్వరణం చూపుతుంది. పైనుంచి జారవిడిస్తే కింద పడేంతసేపూ సున్నా చూపుతుంది. భూమ్యాకర్షణకు ఎదురుగా బల్ల ఇచ్చే ఆసరాను అది కొలుస్తోందన్నమాట. ఆటకు పనికొచ్చే గుణం ఇదే. కదలకుండా ఉన్నంతసేపు కిందివైపు ఏదో ఆ చిప్పుకు తెలుసు, కాబట్టి తాను ఎంత వంగి ఉన్నదీ తెలుసు.

రెండోది జైరోస్కోప్. పాత ఓడల్లోని తిరిగే చక్రం ఇందులో ఉండదు. నిరంతరం కంపించే ఒక సూక్ష్మ నిర్మాణం ఉంటుంది. చిప్పు తిరిగినప్పుడు కొరియాలిస్ ప్రభావం వల్ల ఆ కంపనం పక్కకు మళ్లుతుంది. దాన్నిబట్టి సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున తిరుగుతున్నదో తెలుస్తుంది. ఆ వేగాన్ని క్షణక్షణం కూడుతూ పోతే మొత్తం తిరిగిన కోణం వస్తుంది. కానీ ప్రతి కొలతలోనూ రవ్వంత తప్పు ఉంటుంది, కూడేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆడేవారు నిటారుగా నిలబడి ఉన్నా తెర మీది బొమ్మ మెల్లగా పక్కకు తిరిగిపోవడం ఈ తప్పు వల్లనే. దీన్ని డ్రిఫ్ట్ అంటారు.

మూడోది మాగ్నెటోమీటర్, అంటే దిక్సూచి. ముందుకూ పక్కకూ వంగడంలో వచ్చిన డ్రిఫ్ట్‌ను యాక్సెలెరోమీటర్ సరిదిద్దగలదు. ఉన్నచోటనే కుడికో ఎడమకో తిరగడం మాత్రం భూమ్యాకర్షణకు పట్టదు, కాబట్టి అక్కడ ఉత్తర దిక్కు ఆసరా కావాలి. ఆరుబయట దిక్సూచి బాగానే పనిచేస్తుంది. కాంక్రీటు స్లాబులోని ఇనుప చువ్వలు, బీరువా, స్పీకర్లలోని అయస్కాంతాల మధ్య దాని మాట నమ్మడం కష్టం. అందుకే చాలా గేమింగ్ ట్రాకర్లు దాన్ని పక్కన పెట్టేసి, ఆడేవారినే మధ్యమధ్యలో నిటారుగా నిలబడి రీసెట్ చేసుకోమంటాయి.

ఈ మూడింటి మాటలనూ కలిపి ఒక నిర్ణయానికి రావడం మరో శాస్త్రం. కొద్ది క్షణాల వ్యవధికి జైరోస్కోప్ నమ్మదగినది, ఎక్కువ వ్యవధికి యాక్సెలెరోమీటర్ నమ్మదగినది. రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రచురించిన వడపోత గణితం ఈ కలయికకు పునాది. సెబాస్టియన్ మాడ్జ్‌విక్ 2010లో రూపొందించిన తేలిక పద్ధతి చవక చిప్పుల మీద కూడా నడుస్తుంది కాబట్టి ఔత్సాహికుల సాధనాల్లో తరచుగా అదే కనిపిస్తుంది. కోణాలను మూడు అంకెలుగా రాసుకుంటే సెన్సర్ నిట్టనిలువుగా పైకి చూసినప్పుడు రెండు అక్షాలు ఒకటైపోయి లెక్క చిక్కుపడుతుంది. ఆ చిక్కు రాకుండా 1843లో హామిల్టన్ కనిపెట్టిన క్వాటర్నియన్లు అనే నాలుగంకెల సంఖ్యలను వాడతారు.

ఇక స్థానం సంగతి. త్వరణాన్ని ఒకసారి కూడితే వేగం, మళ్లీ కూడితే దూరం వస్తాయని ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చదివినవారికి తెలుసు. కాగితం మీద ఇది నిజమే. ఆచరణలో ఇది కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ ఊరు దాటడం లాంటిది. సెన్సర్ తన వంపును ఒక్క డిగ్రీ తప్పుగా అంచనా వేసిందనుకుందాం. భూమ్యాకర్షణలో కొంత భాగం అడ్డంగా కదులుతున్న త్వరణంగా లెక్కలోకి చొరబడుతుంది, సెకనుకు సెకనుకు సుమారు 0.17 మీటర్ల చొప్పున. పది సెకన్లు తిరిగేసరికి కదలకుండా కూర్చున్న మనిషి ఎనిమిదిన్నర మీటర్లు జరిగిపోయినట్టు లెక్క తేలుతుంది. ఇంట్లో హాలు కూడా అంత పొడవుండదు. దూరంలో తప్పు కాలంతోపాటు కాక కాల వర్గంతో పెరగడం దీనికి కారణం. చిప్పు నాణ్యత పెంచి కొంత తగ్గించవచ్చు గానీ ఇళ్లలో వాడే ధరలో ఈ తప్పును పోగొట్టే దారి లేదు.

తప్పించుకోవడానికి మూడు మార్గాలు వచ్చాయి. స్థానంతో పని పడని ఆటను తయారుచేయడం మొదటిది. అల్ట్రాసౌండ్, ఇన్‌ఫ్రారెడ్, లేజర్, కెమెరా లాంటి బయటి ఆసరాతో స్థానాన్ని విడిగా కనుక్కోవడం రెండోది. మనిషి ఎముకల పొడవు ముందే కొలిచిపెట్టుకుని, ఒక్కో ఎముక ఎటు తిరిగి ఉందో సెన్సర్లను అడిగి, దాన్నిబట్టి చెయ్యీ కాలూ ఎక్కడున్నాయో కట్టుకుంటూ రావడం మూడోది.

కదలికను ఆజ్ఞగా మార్చడంలోనూ తేడాలున్నాయి. అన్నింటికన్నా సులువైనది ఒక హద్దు పెట్టుకుని, ఊపు దాన్ని దాటితే బటన్ నొక్కినట్టు భావించడం. కదలిక ఆకారాన్ని ముందే నేర్చుకున్న నమూనాలతో పోల్చి, ఇది బంతి విసరడం, ఇది గుద్దు అని గుర్తించడం ఇంకో పద్ధతి. దీనిలో కదలిక పూర్తయ్యేదాకా ఆగాలి, కాబట్టి ఆలస్యం తప్పదు. ఆడేవారి భంగిమను ఉన్నదున్నట్టు తెర మీది బొమ్మకు దించడం చివరిది. చూడటానికి ఇదే ముచ్చటగా ఉంటుంది, తప్పులు బయటపడేదీ దీనిలోనే. తల తిప్పడానికీ కళ్లెదుటి దృశ్యం మారడానికీ మధ్య 20 మిల్లీసెకన్లకు మించి ఆలస్యం కాకూడదని వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు తయారుచేసేవారు లక్ష్యంగా పెట్టుకుంటారు. మించితే తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది.

చేతి తొడుగుల కాలం

చేతికి తొడుక్కునే సెన్సర్ ఆటల కోసం పుట్టింది కాదు. 1977లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ శాండిన్, థామస్ డిఫాంటి తమ సహోద్యోగి రిచర్డ్ సేయర్ ఆలోచన ఆధారంగా ఒక తొడుగు చేశారు. వేళ్ల వెంట మెత్తని గొట్టాలు, గొట్టానికి ఒక కొసన దీపం, మరో కొసన కాంతిని కొలిచే సెల్ ఉండేవి. వేలు మడిస్తే గొట్టం వంగి చేరే కాంతి తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి వేలు ఎంత మడిచారో చెప్పేవారు.

కొన్నేళ్లకు థామస్ జిమ్మర్‌మన్ ఇలాంటి ఆలోచనతోనే మరో తొడుగు చేశాడు. గిటార్ లేకుండా గాలిలో గిటార్ వాయించాలన్న కోరికే అందుకు ప్రేరణ. అతను జారన్ లానియర్‌తో కలిశాక వీపీఎల్ రిసెర్చ్ సంస్థ నుంచి డేటాగ్లవ్ వచ్చింది. దాని ధర వేల డాలర్లు, కొన్నది పరిశోధనశాలలు.

దాన్నే పిల్లల బొమ్మ ధరకు దించే ప్రయత్నం పవర్ గ్లవ్. నింటెండో కన్సోల్ కోసం దీన్ని అమెరికాలో మ్యాటెల్ 1989లో సుమారు 75 డాలర్లకు అమ్మింది. డేటాగ్లవ్‌లోని ఖరీదైన ఆప్టికల్ ఫైబర్ స్థానంలో విద్యుత్‌ను మోసే సిరా పూసిన పట్టీలు వచ్చాయి. బొటనవేలుతోపాటు మూడు వేళ్లను మాత్రమే చూస్తుంది, ఒక్కో వేలికి నాలుగు స్థాయిలే. చిటికెన వేలికి సెన్సరే లేదు. చెయ్యి ఎక్కడుందో తెలుసుకోవడానికి తొడుగు మీద రెండు అల్ట్రాసౌండ్ స్పీకర్లు, టీవీ చుట్టూ మూడు మైకులు పెట్టారు. శబ్దం మైకులను చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్క కడతారు. పైన చెప్పిన రెండో మార్గం ఇదే. ఆలోచన మంచిదే, కానీ చెయ్యి టీవీకి ఎదురుగా ఉండాలి, గోడలనుంచి ప్రతిధ్వని రాకూడదు.

అసలు దెబ్బ సెన్సర్‌ది కాదు. దీనికి ప్రత్యేక ఏర్పాట్లున్న ఆటలు రెండే వచ్చాయి, బ్యాడ్ స్ట్రీట్ బ్రాలర్, సూపర్ గ్లవ్ బాల్. మిగతా ఆటలన్నీ బటన్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిని ఆడాలంటే ముంజేతి మీదున్న కీప్యాడ్ మీద ఆటకో కోడ్ నొక్కి, ఏ కదలిక ఏ బటన్‌కు సమానమో చెప్పుకోవాలి. బొటనవేలి చిన్న నొక్కుతో అయ్యే పనికి చెయ్యంతా ఎత్తి ఊపాల్సి వచ్చింది. 1990లోనే ఉత్పత్తి ఆగిపోయింది. ఆ తర్వాత మాత్రం అది ఔత్సాహికుల చేతుల్లో, సంగీతకారుల చేతుల్లో చాలాకాలం బతికింది.

అంతకుముందు 1984లో అటారి సంస్థ మైండ్‌లింక్ పేరుతో తలపట్టీ ఒకటి ప్రదర్శించింది. పేరును చూసి మెదడుతో ఆడేదనుకుంటాం గానీ అది చదివింది నుదుటి కండరాల కదలికను. కనుబొమలు అదేపనిగా ఎగరేసి పరీక్షించినవారికి తలనొప్పి పట్టుకుంది. అది దుకాణాలకు రాలేదు.

నింటెండో వీ

2006 నవంబరులో అమెరికాలో విడుదలైన నింటెండో వీ కన్సోల్ ఈ రంగాన్ని ఇళ్లలోకి తెచ్చింది. దాని రిమోట్‌లో ఉన్నది అనలాగ్ డివైసెస్ తయారుచేసిన ఒకే ఒక్క యాక్సెలెరోమీటర్ చిప్పు, మూడు దిక్కుల్లో కొలిచేది. జైరోస్కోప్ లేదు. రిమోట్ ముక్కు దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. టీవీ మీద పెట్టే పట్టీలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మాత్రమే ఉంటాయి. ఆ వెలుగు చుక్కలను చూసి రిమోట్ తెర మీద ఎటు గురిపెట్టిందో తెలుసుకుంటుంది. పట్టీ పాడైతే టీవీ ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడినవారూ ఉన్నారు.

ఒక్క యాక్సెలెరోమీటర్‌తో రిమోట్ గదిలో ఎక్కడుందో తెలియదు. వీ స్పోర్ట్స్ ఆటను తయారుచేసినవారు ఆ సంగతి తెలిసే టెన్నిస్‌ను రాశారు. తెర మీది ఆటగాడు బంతి దగ్గరికి తనంతట తానే పరుగెత్తుతాడు. ఆడేవారు చేయాల్సింది సరైన క్షణంలో చెయ్యి విసరడమే. ఆ విసురు ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నది యాక్సెలెరోమీటర్ చక్కగా చెప్పగలదు. మిగతాదంతా ఆటే చూసుకుంటుంది. సోఫాలో కూర్చుని మణికట్టు మాత్రం ఆడించినా గెలవవచ్చని పిల్లలు త్వరలోనే కనిపెట్టారు. దాన్ని మోసం అన్నవారున్నారు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంత తెలివైన రూపకల్పన అరుదు, ఎందుకంటే సెన్సర్‌కు చేతకాని పనిని ఆట అసలు అడగలేదు. ఎన్నడూ వీడియో గేము ముట్టని తాతయ్యలూ అమ్మమ్మలూ మొదటి అయిదు నిమిషాల్లోనే ఆడగలిగారు. వీ కన్సోళ్లు మొత్తం 10 కోట్లకు పైగా, వీ స్పోర్ట్స్ 8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. జపాన్‌లో తప్ప చాలా దేశాల్లో ఆ ఆట కన్సోల్‌తోపాటే వచ్చిన మాటా నిజం.

విసరమంటే జనం నిజంగానే విసిరారు. చేతిలోంచి జారిన రిమోట్లు టీవీలకు తగిలాయి. 2006 డిసెంబరులో నింటెండో 32 లక్షల మణికట్టు తాళ్లను మందమైనవాటితో మార్చి ఇస్తానని ప్రకటించింది.

కొందరు నిర్మాతలు మాత్రం బటన్ నొక్కే పనికి బదులు రిమోట్ ఊపమని అంతటితో సరిపెట్టారు. జెల్డా పరంపరలోని ట్వైలైట్ ప్రిన్సెస్‌లో కత్తి ఝళిపించడం అలాంటిదే, ఎటు ఊపినా కత్తి తన పద్ధతిలోనే తిరుగుతుంది. ఆ ఆటకు సంబంధించి ఒక వింత ఉంది. కథానాయకుడు లింక్ ఎడమచేతివాటం. ఆడేవారిలో ఎక్కువమంది కుడిచేత్తో రిమోట్ పట్టుకుంటారని వీ కోసం ఆటలోని ప్రపంచం మొత్తాన్నీ అద్దంలో చూసినట్టు తిప్పేశారు. తూర్పు పడమర అయింది.

2009లో రిమోట్ అడుగున తగిలించే మోషన్‌ప్లస్ వచ్చింది. అందులో జైరోస్కోపులున్నాయి. 2011లో వచ్చిన స్కైవర్డ్ స్వోర్డ్ దాని మీదే ఆధారపడింది. శత్రువు కత్తి అడ్డం పెట్టిన దిక్కు చూసి వేరే దిక్కు నుంచి కొట్టాలి. ఇక్కడ కావలసింది కత్తి దిశ, అది కొలవగలిగిందే. అయినా డ్రిఫ్ట్ పోలేదు, నడుమ రిమోట్‌ను సరిచేసుకోక తప్పేది కాదు.

అదే 2009లో వేలికి తొడిగి నాడి చూసే వైటాలిటీ సెన్సర్‌ను నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాతా ప్రకటించాడు. అది బయటికి రాలేదు. వందమందిలో తొంభైమందికి పనిచేసి పదిమందికి పనిచేయని వస్తువును అమ్మవచ్చా అన్న సందేహంతో ఆగామని 2013లో ఆయనే వివరించాడు. ధరించే సాధనాల తయారీదారులందరూ వేసుకోవలసిన ప్రశ్న అది, చాలామంది వేసుకోలేదు.

తొడకు కట్టిన పట్టీ

నింటెండో స్విచ్ కోసం 2019 అక్టోబరులో వచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచర్ నా లెక్కలో ఈ చరిత్రలోకెల్లా పొందికైన సాధనం. ఒక కంట్రోలర్‌ను ఎడమ తొడకు పట్టీతో కట్టుకోవాలి. రెండోదాన్ని రింగ్‌కాన్ అనే వంగే చక్రంలో బిగించి రెండు చేతులతో పట్టుకోవాలి. చక్రాన్ని నొక్కినా లాగినా ఎంత బలం పడిందో అందులోని సెన్సర్ చెబుతుంది. ఉన్నచోటనే పరుగు తీస్తే తెర మీది మనిషి పరుగెత్తుతాడు. దారిలో ఎదురైన రాక్షసులను గుంజీలతో, ఆసనాలతో, పొట్ట కండరాల వ్యాయామాలతో ఓడించాలి.

తొడనే ఎందుకు ఎంచుకున్నారో చూడండి. నిలబడితే తొడ ఎముక నిలువుగా ఉంటుంది, గొంతుక్కూర్చుంటే అడ్డం అవుతుంది. భూమ్యాకర్షణ దిక్కు తెలిసిన చిప్పుకు ఆ తేడా కొలవడం అతి సులువు. ఎంత లోతుగా కూర్చున్నారో డిగ్రీలతో సహా తెలుస్తుంది, డ్రిఫ్ట్ గొడవే లేదు. పరుగులో మోకాలు ఎంత ఎత్తుకు లేచిందో కూడా అంతే. గదిలో మనిషి స్థానం ఈ ఆటకు ఎక్కడా అక్కర్లేదు. కింది అంతస్తువారికి చప్పుడు వినిపించకుండా పరుగుకు బదులు మోకాళ్లు వంచితే చాలనే ఏర్పాటు కూడా పెట్టారు. అపార్ట్‌మెంట్ల జీవితం తెలిసినవారి పని అది. కోవిడ్ లాక్‌డౌన్ల కాలంలో ఇది చాలా దేశాల్లో దొరకకుండా పోయింది. మొత్తం అమ్మకాలు కోటిన్నర దాటాయి.

దీనికి ఏడాదిన్నర ముందు అదే సంస్థ అట్టముక్కలతో చేసుకునే లాబో రోబో కిట్ తెచ్చింది. వీపుకు అట్టపెట్టె సంచీలా తగిలించుకుని, దాని నుంచి వచ్చే తాళ్లను చేతులకూ పాదాలకూ కట్టుకోవాలి. కాలు ఎత్తితే పెట్టెలో బరువు పైకి లేస్తుంది, దానికి అంటించిన మెరిసే టేపును కంట్రోలర్‌లోని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూస్తుంది. అమ్మకాల్లో పెద్దగా నిలవలేదు గానీ అట్టముక్కలతో ఇంత సాధించడం ముచ్చటే.

అడుగులు లెక్కపెట్టే సాధనాలు ఇంకా నిరాడంబరమైనవి. 2009లో పోకెమాన్ ఆటలతోపాటు ఇచ్చిన పోకీవాకర్‌ను నడుముకు తగిలించుకుని రోజంతా తిరిగితే, నడిచిన అడుగులు ఆటలో లాభంగా మారేవి.

ఒళ్లంతా ట్రాకర్లు

వీఆర్ హెడ్‌సెట్లు వచ్చాక స్థానం తెలియకుండా పని జరగని పరిస్థితి ఏర్పడింది. తల పది సెంటీమీటర్లు ముందుకు జరిగితే దృశ్యం కూడా జరగాలి. 2016లో వచ్చిన హెచ్‌టీసీ వైవ్ గది మూలల్లో రెండు పెట్టెలు పెట్టించింది. అవి గదినంతా లేజర్ కాంతితో క్రమం తప్పకుండా తుడుస్తుంటాయి. హెడ్‌సెట్ మీదున్న కాంతి సెన్సర్లకు లేజర్ ఏ క్షణంలో తగిలిందో చూసి కోణాన్ని, కోణాన్నిబట్టి స్థానాన్ని లెక్కిస్తారు. మరుసటి ఏడు విడిగా అమ్మిన వైవ్ ట్రాకర్‌ను జనం నడుముకూ పాదాలకూ కట్టుకున్నారు. బ్యాట్‌కు, తుపాకీ బొమ్మకు కూడా బిగించారు. తర్వాతి హెడ్‌సెట్లు తమ కెమెరాలతోనే గదిని చూసుకోవడం మొదలుపెట్టాయి, మూలల్లో పెట్టెల అవసరం చాలామందికి తీరిపోయింది. ఈ హెడ్‌సెట్ల మీద క్రికెట్ కూడా ఆడుతున్నారు. హైదరాబాద్‌లోని ప్రోయుగ సంస్థ చేసిన ఐబీ క్రికెట్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని, ఎదురుగా వచ్చే బంతిని చేతి ఊపుతో బ్యాటింగ్ చేయవచ్చు.

హెడ్‌సెట్ తలను, రెండు చేతులను చూస్తుంది. కాళ్లు దానికి తెలియవు. వీఆర్‌చాట్ లాంటి వర్చువల్ చోట్ల నృత్యం చేసేవారికి, ఊరికే కాళ్లు బారచాపి కబుర్లు చెప్పుకునేవారికి కాళ్లు కావాలి. అక్కడ మూడో మార్గం పనికొచ్చింది. స్లైమ్‌వీఆర్ అనే ఓపెన్ సోర్స్ ట్రాకర్లలో జైరోస్కోప్, యాక్సెలెరోమీటర్ తప్ప స్థానాన్ని కొలిచేదేమీ లేదు. తల ఎక్కడుందో హెడ్‌సెట్ చెబుతుంది. అక్కడి నుంచి వెన్ను, తొడ, పిక్క ఒక్కొక్కటీ ఎంత పొడవో, ఎటు వాలి ఉందో తెలిస్తే పాదం ఎక్కడుండాలో లెక్క తేలిపోతుంది. ఎముకల పొడవు తప్పుగా ఇస్తే పాదాలు నేలలోకి దిగబడతాయి లేదా గాల్లో జారుతాయి.

సోనీ 2023 జనవరిలో జపాన్‌లో విడుదల చేసిన మోకోపి ఇంకో అడుగు వేసింది. తల, నడుము, రెండు మణికట్లు, రెండు చీలమండలు, మొత్తం ఆరు సెన్సర్లు. ఒక్కోటి 8 గ్రాములే. మోచేయి, మోకాలి దగ్గర ఏమీ ఉండదు, ఆ ఖాళీలను ముందే తర్ఫీదు పొందిన ప్రోగ్రాము ఊహించి పూరిస్తుంది. మామూలు కదలికలకు ఆ ఊహ సరిపోతుంది. గేముల తయారీలో నటుల కదలికలను పట్టే వృత్తిపరమైన సూట్లు ఇంత ధైర్యం చేయవు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎక్స్‌సెన్స్ సూట్‌లో 17 సెన్సర్లుంటాయి.

కండరాల సంకేతాలు

కదలిక జరిగాక కొలవడం కాకుండా, కండరానికి నరం పంపే విద్యుత్ సంకేతాన్నే చర్మం మీద నుంచి చదవడం మరో పద్ధతి. కెనడాకు చెందిన థాల్మిక్ ల్యాబ్స్ 2013లో ప్రకటించిన మయో పట్టీని ముంజేతికి మోచేతి కిందుగా తొడుక్కుంటారు. అందులో ఎనిమిది సెన్సర్లుంటాయి. పిడికిలి బిగించడం, వేళ్లు చాపడం, అరచెయ్యి లోపలికీ బయటికీ ఊపడం, రెండు వేళ్లు రెండుసార్లు తాకించడం అనే అయిదు సైగలను గుర్తుపట్టేది. ప్రచార వీడియోలు చూసి ఎగబడి కొన్నవారికి అయిదు సైగలతో ఏ ఆటా సరిగా సాగదని తెలిసివచ్చింది. ఒక్కొక్కరి చేతి లావు వేరు, చర్మం వేరు. పట్టీ కాస్త జరిగినా సంకేతం మారిపోతుంది. 2018లో అమ్మకం ఆపేశారు.

ఆ పట్టీ పేటెంట్లను కొన్న కంట్రోల్ ల్యాబ్స్‌ను 2019లో ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) కొనేసింది. ఆ బృందం వేలాదిమంది చేతుల నుంచి సేకరించిన సమాచారంతో, కొత్త మనిషికి కట్టినా విడిగా తర్ఫీదు లేకుండా పనిచేసే పద్ధతిని రూపొందించి 2025లో నేచర్ పత్రికలో వివరించింది. చేత్తో రాస్తున్నట్టు వేళ్లు కదిపితే నిమిషానికి సుమారు 21 ఇంగ్లీషు పదాలు తెర మీదికి వచ్చాయి. అదే ఏడాది మెటా కళ్లద్దాలతోపాటు మణికట్టు పట్టీగా అది మార్కెట్లోకి వచ్చింది, ముందుగా గేముల కోసం కాకపోయినా.

వ్యాయామం, వైద్యం

ఆడుతూ ఒళ్లు తగ్గించుకోవచ్చన్న ఆశ ఈ సాధనాల అమ్మకానికి బాగా తోడ్పడింది. పరిశోధనల మాట అంత ఉత్సాహంగా లేదు. కూర్చుని ఆడే గేముల కన్నా వీటికి శక్తి ఎక్కువే ఖర్చవుతుంది, కానీ అసలు టెన్నిస్‌తో, అసలు బాక్సింగ్‌తో పోలిస్తే తక్కువ. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు 9 నుంచి 12 ఏళ్ల పిల్లలకు వీ కన్సోళ్లిచ్చి, సగంమందికి కదిలి ఆడే గేములు, మిగతావారికి కూర్చుని ఆడే గేములు పంచారు. 13 వారాల తర్వాత రెండు జట్ల శారీరక శ్రమలో తేడా కనిపించలేదని 2012లో ప్రకటించారు. ఆ శ్రమను కొలిచింది కూడా పిల్లల నడుముకు కట్టిన యాక్సెలెరోమీటర్లే.

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి చేతి వ్యాయామానికి వీ పనికొస్తుందని తొలి చిన్న అధ్యయనాలు ఆశ కలిగించాయి. 141 మంది రోగులతో నాలుగు దేశాల్లో చేసిన ఎవరెస్ట్ పరీక్ష ఫలితాలు 2016లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చాయి. మామూలు చికిత్సతోపాటు ఒక జట్టు వీ ఆడింది, ఇంకో జట్టు పేకాట, బింగో లాంటివి ఆడింది. రెండు జట్లవారూ మెరుగయ్యారు, వీ జట్టు ఎక్కువగా ఏమీ మెరుగవలేదు. దీన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. చేతిని విసుగు లేకుండా వందలసార్లు కదిలించడమే మందు. పేక ముక్కలతో ఆ పని జరిగితే పేక ముక్కలే చాలు.

రోగి కోసమే తయారైన సాధనాల పరిస్థితి కొంత వేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖలో పుట్టిన మ్యూజిక్‌గ్లవ్‌లో బొటనవేలిని మిగతా వేళ్లకు తాకిస్తూ తెర మీద జారే స్వరాలకు తాళం వేయాలి. చిన్న వస్తువులు పట్టుకోవడానికి కావలసిన కదలిక సరిగ్గా అదే. ఇక్కడ కూడా సెన్సర్ కొలిచేది చాలా చిన్న విషయం, వేలు వేలికి తగిలిందా లేదా అన్నది మాత్రమే.

నొప్పులు, ఆనవాళ్లు

అలవాటు లేని ఒళ్లు గంటల తరబడి చెయ్యి విసిరితే ఏమవుతుందో 2007లోనే తెలిసింది. వీ టెన్నిస్ అదేపనిగా ఆడి భుజం వెనక స్నాయువు వాచిన 29 ఏళ్ల వైద్యుడి ఉదంతం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అసలు రాకెట్ బరువు లేకపోవడంతో అలుపు తెలియదు, అక్కడే ప్రమాదం. హెడ్‌సెట్ పెట్టుకున్నవారికి గోడలు, ఫ్యాన్లు, పక్కన నిలబడ్డ చిన్నపిల్లలు కనిపించరు. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను ఎత్తు చూసుకుని ఆడటం మంచిది.

కంటికి కనిపించని ఇబ్బంది ఇంకొకటి ఉంది. బీట్ సేబర్ అనే వీఆర్ ఆట ఆడే 50 వేలమందికి పైగా వ్యక్తుల తల, చేతుల కదలికల సమాచారాన్ని బర్క్‌లీ పరిశోధకులు 2023లో పరిశీలించారు. కేవలం 100 సెకన్ల కదలికనుబట్టి 94 శాతం సందర్భాల్లో ఆ మనిషి ఎవరో ప్రోగ్రాము గుర్తుపట్టింది. మనిషి ఎత్తు, చేతుల పొడవు, ఊపులోని తీరు కలిసి వేలిముద్రలా పనిచేస్తాయన్నమాట. ముఖం, గొంతు దాచుకున్నవారు కూడా కదలికను దాచుకోలేరు. ఆటల సంస్థలు ఈ సమాచారాన్ని ఎంతకాలం దాస్తున్నాయో, ఎవరికి ఇస్తున్నాయో చెప్పాలని చట్టం గట్టిగా అడగవలసి ఉంది.

సొంతంగా చేసుకోవాలంటే

ఈ రంగంలో ప్రవేశించడానికి పెద్ద ఖర్చు లేదు. జైరోస్కోప్, యాక్సెలెరోమీటర్ రెండూ ఉన్న ఎంపీయూ-6050 చిప్పు బిగించిన చిన్న బోర్డు కొన్ని వందల రూపాయలకు ఆన్‌లైన్‌లోనూ, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలోనూ దొరుకుతుంది. దానికి బ్లూటూత్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు, ఒక చిన్న బ్యాటరీ చేర్చి పట్టీకి కుడితే, కంప్యూటర్ దాన్ని మామూలు గేమ్‌ప్యాడ్‌గానే చూస్తుంది. ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుగా ఎంచుకున్నప్పుడు చాలామంది గాలిలో చెయ్యి కదిలిన దారిని తెర మీద గీయాలని మొదలుపెడతారు. పైన చెప్పిన ఎనిమిదిన్నర మీటర్ల తప్పు దగ్గర ఆ పని ఆగిపోతుంది. చేతి వంపుతో కారు స్టీరింగ్ తిప్పే ఆటతో మొదలుపెట్టండి, లేదంటే తొడకు పట్టీ కట్టి గుంజీలు లెక్కపెట్టే ఆట చేయండి. రెండోదానికి జైరోస్కోప్ కూడా అక్కర్లేదు, ఒక్క యాక్సెలెరోమీటర్ చాలు.